బ్రహ్మానందం పర్సనాలిటీ టైప్ ఎలా గెస్ చేయాలి? మీమ్స్ పక్కన పెట్టి చూసే పద్ధతి

బెంగళూరు ఆఫీసుల్లో ఎప్పుడో ఒకప్పుడు హెచ్ఆర్ వాళ్ళు పర్సనాలిటీ టెస్ట్ పెట్టకుండా ఉండరు. మీటింగ్ రూంలో కూర్చోబెట్టి, రంగురంగుల స్టికీ నోట్స్ పంచి, సాయంత్రానికి ఒక్కొక్కరి చేతిలో నాలుగు అక్షరాలు పెట్టి పంపిస్తారు. మర్నాడు లంచ్‌లో తెలుగు బ్యాచ్ ఒక టేబుల్ దగ్గర చేరిందంటే ఇక వేరే టాపిక్ ఉండదు. మేనేజర్ ఏ టైపు, పీజీ ఓనర్ ఏ టైపు అని మొదలై సినిమా వాళ్ళ మీదకి పోతుంది, సినిమా వాళ్ళలో కమెడియన్ల మీదకి, కమెడియన్లంటే ఇంకెవరు, బ్రహ్మానందం. ఆయన పేరు రాగానే టేబులంతా ఒకటే మాట: "ఈఎస్ఎఫ్‌పి మామా, ఇందులో డౌటేంటి?"

డౌటే. ఆ నాలుగు అక్షరాలు మనీ సినిమాలో ఆయన వేసిన ఖాన్ దాదా పాత్రకి అచ్చంగా సరిపోతాయి, కాదనను. కానీ ఖాన్ దాదా వేరు, ఆ వేషం వేసి సాయంత్రం మేకప్ తుడుచుకుని ఇంటికెళ్ళిన మనిషి వేరు. మనం టైప్ చెప్పాల్సింది ఆ రెండో మనిషిది. అందుకు ఒక పద్ధతి ఉంది, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు, ముగ్గురు నలుగురు ఉంటే మజాగా ఉంటుంది, ఒక్కరే చేసినా పని జరుగుతుంది. ఏ కమెడియన్‌కైనా ఇదే పనికొస్తుంది గానీ ఉదాహరణగా మాత్రం బ్రహ్మానందం గారినే పెట్టుకుందాం. ఆయన మొహం తెలియని తెలుగువాళ్ళు లేరు, అందుకే ఆయన గురించి మనకంతా తెలుసని అనుకోవడం కూడా ఎక్కువ.

ముందు ఆ నాలుగు అక్షరాల సంగతి

ఇది త్వరగా కానిచ్చేద్దాం. స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో మనుషుల్లో రకాల గురించి ఒక పుస్తకం రాశాడు. దాన్ని పట్టుకుని అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసబెల్ మయర్స్ కలిసి తయారు చేసిన ప్రశ్నపత్రమే ఎంబీటీఐ. నాలుగు జతలు, ఒక్కో జతలో ఒకటి తీసుకుంటే మొత్తం పదహారు టైపులు. మొదటి జత ఎక్స్‌ట్రావర్ట్ (ఈ), ఇంట్రోవర్ట్ (ఐ): నలుగురిలో ఉంటే హుషారు పెరుగుతుందా, ఒంటరిగా ఉంటే పెరుగుతుందా. రెండోది ఎస్, ఎన్: కంటి ముందున్న వివరం మీద చూపా, దాని వెనకాల ఉన్న అర్థం మీద చూపా. మూడోది టి, ఎఫ్: నిర్ణయం దగ్గర లెక్క ముందా, మనిషి ముందా. నాలుగోది జె, పి: ముందే ఖాయం చేసుకునే రకమా, ఆఖరి నిమిషం దాకా చూద్దాంలే అనే రకమా.

ఒక్క జాగ్రత్త. యూనివర్సిటీల్లో పర్సనాలిటీ మీద రీసెర్చ్ చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది ఇది కాదు, బిగ్ ఫైవ్ అనే ఐదు కొలతల పద్ధతి. అందులో మనిషిని గదుల్లో పెట్టరు, ఒక్కో కొలత మీద ఎక్కడున్నాడో చూస్తారు. ఎంబీటీఐ మీద వాళ్ళ గొడవేంటంటే, 170 సెంటీమీటర్లు దాటినవాళ్ళంతా పొడుగు, దాటనివాళ్ళంతా పొట్టి అని రాసేస్తే 169 వాడికి, 171 వాడికి మధ్య ఆకాశం భూమి అంత తేడా ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఇద్దరూ ఒకే సైజు చొక్కా వేసుకుంటారు. అదే మనిషి కొన్ని వారాల తర్వాత మళ్ళీ టెస్ట్ రాస్తే అక్షరం మారిపోవడం కూడా మామూలే. కాబట్టి మీరు రాసే ప్రతి అక్షరం పక్కన "ఎంత నమ్మకం" అని కూడా రాసుకోండి. ఈ ఒక్క అలవాటుతో సగం గొడవలు తగ్గుతాయి.

ముందుగా తెలిసినవాడి మీద చేసి చూడండి

బ్రహ్మానందం దగ్గరికి వెళ్ళేముందు మీ రూంమేట్‌ని తీసుకోండి. టెస్ట్ రాసినవాడైతే ఇంకా మంచిది, రిజల్ట్ చెప్పొద్దని చెప్పి మీరు గెస్ చేయండి. మారతహళ్ళి, కుందలహళ్ళి వైపు పీజీల్లో ఉండేవాళ్ళకి ఈ మనిషి బాగా తెలుసు: రూంలో రాత్రి పన్నెండు దాకా గోల, ఐపీఎల్ మ్యాచ్ వస్తే బిల్డింగ్ అంతా వినిపించే అరుపులు, అదే ఆఫీసులో స్టాండప్ మీటింగ్‌లో "నో బ్లాకర్స్" అనే రెండు ముక్కలు తప్ప నోరు తెరవడు. వాడు ఇంట్రోవర్టా ఎక్స్‌ట్రావర్టా? టీం లీడ్‌ని అడిగితే ఒకటి చెప్తాడు, మీరు ఒకటి చెప్తారు, ఊళ్ళో వాళ్ళమ్మని అడిగితే "మావాడు అసలు మాట్లాడడు బాబూ" అంటుంది. ముగ్గురూ అబద్ధం చెప్పట్లేదు. చూసిన చోటు వేరు, అంతే.

పక్క మంచం మీద పడుకునేవాడి విషయంలోనే ఇలా ఉంటే, రాసిచ్చిన డైలాగులతో మూడు నిమిషాలు కనిపించే మనిషి సంగతి ఎలా ఉంటుందో చూసుకోండి.

మెటీరియల్‌ని మూడు కుప్పలు చేయండి

అసలు పని ఇక్కడుంది. ఒక కాగితం తీసుకుని మూడు నిలువు గళ్ళు గీయండి. గుర్తొచ్చిన ప్రతి విషయాన్నీ ఏదో ఒక గడిలో వేయండి, వేసేదాకా అక్షరాల ఊసు ఎత్తొద్దు.

మొదటి కుప్ప: ఇంకొకరు రాసి, ఇంకొకరు తీసి, డబ్బులిచ్చి చేయించినది. అంటే సినిమాలన్నీ, యాడ్స్, వాటిలోంచి పుట్టిన మీమ్స్. ఇది అన్నిటికన్నా పెద్ద కుప్ప, విలువలో అన్నిటికన్నా చిన్నది. ఎందుకో చూడండి. బ్రహ్మానందానికి పేరు తెచ్చిన అరగుండు పాత్ర 1987లో వచ్చిన అహ నా పెళ్ళంటలోది, పిసినారి యజమాని కింద పడి ఉంటూ కోపమంతా లోపలికి మింగి పళ్ళు కొరుక్కునే మనిషి. 1993లో మనీ సినిమాలో ఖాన్ దాదా దానికి పూర్తి వ్యతిరేకం, లోపల ఏమీ లేకపోయినా బయటికి బోలెడంత బిల్డప్. సినిమా చూసి టైప్ చెప్పేవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఇద్దరిలో ఏది ఆయన? అరగుండుని తీసుకుంటే ఇంట్రోవర్ట్, దాదాని తీసుకుంటే ఎక్స్‌ట్రావర్ట్. రెండూ ఒకే మనిషి చేశాడంటే తెలిసేది ఆయన పనితనం, స్వభావం కాదు.

"ఒకే రకం పాత్రలు పదే పదే చేశాడు కదా, అది ఆయన స్వభావం కాబట్టే కదా" అని ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు. కాదు. ఒకటి హిట్టయితే అలాంటివే ఇంకో ఇరవై పట్టుకొస్తారు, అది ఇండస్ట్రీ స్వభావం. జీవించి ఉన్న నటుల్లో ఎక్కువ సినిమాలు చేసినందుకు గిన్నిస్ బుక్‌లోకి ఎక్కిన మనిషికి ఆ ఇరవై ఎన్నిసార్లు వచ్చి ఉంటాయో మీరే అనుకోండి. ఇక మీమ్ సంగతి మరీ అన్యాయం, సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేముల్లో ఒక్క ఫ్రేము ఆపి "ఇదీ మనిషి" అంటాం. ఆ ఫ్రేము సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మన పరిస్థితికి బాగా సరిపోతుంది కాబట్టి వాడుకుంటున్నాం, అందులో ఉన్నది మన స్వభావమే ఎక్కువ.

అలాగని ఈ కుప్ప మొత్తం చెత్తబుట్టలో వేయక్కర్లేదు. ఒక పని చేయండి. ఏదైనా కామెడీ సీను సౌండ్ ఆపేసి చూడండి. డైలాగ్ రైటర్ వెళ్ళిపోతాడు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పోతుంది, మిగిలేది మొహం. అవతలివాడు చెంపదెబ్బ కొట్టిన తర్వాత వెంటనే రియాక్ట్ అవడు, ఒక్క క్షణం ఆగుతాడు, ముందు కళ్ళు తిరుగుతాయి, తర్వాత కింది పెదవి కదులుతుంది, ఆ తర్వాతే తల. ఇలాంటివి పుట్టుకతో వచ్చేవి అనుకుంటాం గానీ, మనుషుల మొహాల్ని ఏళ్ళ తరబడి తదేకంగా చూసినవాడికి తప్ప రావు. సినిమాల్లోకి రాకముందే ఆయన మిమిక్రీ చేసేవారు, మిమిక్రీ అంటేనే ఎదుటి మనిషిని వివరంగా చూడటం. ఇది ఎస్ వైపు ఒక చిన్న మార్కు. మొదటి కుప్ప నుంచి నేను తీసుకునేది దాదాపు ఇంతే.

రెండో కుప్ప: తన మాటలే, కానీ కెమెరాకి తెలిసి. ఇంటర్వ్యూలు, ఆడియో ఫంక్షన్లు, సన్మాన సభలు, అవార్డు స్పీచ్‌లు. సినిమా రిలీజ్ వారంలో వచ్చిన ఇంటర్వ్యూకి సగం మార్కులే వేయండి, అక్కడ అందరూ ఎక్స్‌ట్రావర్టులే. కట్ చేయని పొడుగు ఇంటర్వ్యూలు వెతకండి, పాతదొకటి, కొత్తదొకటి. స్పీడ్ పెంచి చూడొద్దు, ఎందుకంటే మనకి కావాల్సింది గ్యాపులే. యాంకర్ అడిగాక ఎంతసేపటికి నోరు తెరుస్తున్నాడు, జోక్ వేయమని అడిగితే ఏం చేస్తున్నాడు, పక్కవాడు మాట్లాడేటప్పుడు కళ్ళు ఎక్కడున్నాయి, ఏ ప్రశ్నకి జవాబు పొడుగవుతోంది. బ్రహ్మానందం మాటలు విన్నవాళ్ళకి తెలుసు, సినిమా కబుర్ల దగ్గర కంటే తెలుగు పద్యం దగ్గర, సాహిత్యం దగ్గర, తనకి చదువు చెప్పినవాళ్ళ దగ్గర ఆయన మాట సాగుతుంది. నవ్వించాలని వచ్చిన యాంకర్ కొంచెం కంగారు పడేంత సాగుతుంది. నాకు ఆ కంగారు చూడటం సరదా, ఎందుకంటే యాంకర్ మొదటి కుప్పలోని మనిషి కోసం వచ్చింది, ఎదురుగా కూర్చున్నది ఇప్పుడు చెప్పబోయే మూడో కుప్పలోని మనిషి.

మూడో కుప్ప: ఎవరూ అడగకుండా, డబ్బు లేకుండా, లేదా డబ్బు సంగతి ఎలా ఉన్నా తనే ఎంచుకుని ఏళ్ళ తరబడి చేసినది. చిన్న కుప్ప, బంగారం ఇక్కడే ఉంది. ఏం చదివాడు, సినిమాల ముందు ఏం ఉద్యోగం చేశాడు, ఖాళీ దొరికితే ఏం చేస్తాడు, పేరొచ్చాక ఏది వదల్లేదు.

బ్రహ్మానందం విషయంలో ఈ గడిలో వేయదగ్గవి: తెలుగులో ఎంఏ చేశారు. పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో కాలేజీ లెక్చరర్‌గా తెలుగు చెప్పారు. బొమ్మలు గీస్తారు, అది కూడా ఏదో టైంపాస్ గీతలు కాదు. 2021 జనవరిలో అల్లు అర్జున్‌కి వేంకటేశ్వరస్వామి పెన్సిల్ స్కెచ్ ఒకటి బహుమతిగా ఇచ్చారు, దానికి 45 గంటలు పట్టిందని అర్జున్ ఆ ఫొటోతో పాటు రాశాడు. ఆ బొమ్మ ఫొటో దొరికితే పెద్దది చేసి చూడండి, ఆ నగల నగిషీలు, ఆ షేడింగ్. 45 గంటలంటే ఒకచోట కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటూ, ఎవరితో మాట్లాడే పని లేకుండా, మన ఆఫీసు లెక్కలో ఒక వారం పైనే. ఎవరూ కాల్‌షీట్ అడగలేదు. ఆపైన 2023లో రంగమార్తాండలో నవ్వు అన్నది లేని పాత్ర ఒప్పుకున్నారు, ఆ ఏడాదే తన జీవితం గురించి పుస్తకం కూడా రాశారు.

చర్చ కంటే ముందు చీటీలు

గ్రూపుగా చేస్తుంటే ఇది మాత్రం తప్పకుండా చేయండి. మూడు గళ్ళు నిండాక ఎవరూ మాట్లాడకుండా ఎవరి చీటీ మీద వాళ్ళు నాలుగు అక్షరాలు, పక్కన నమ్మకం ఎంతో నూటికి ఇంత అని రాయాలి. ఆ తర్వాతే తెరవాలి. లేకపోతే ఏమవుతుందో తెలుసు కదా, గొంతు పెద్దగా ఉన్నవాడు ముందు ఒకటి అంటాడు, మిగతావాళ్ళు "అవున్రా, నేనూ అదే అనుకున్నా" అంటారు, పది నిమిషాల్లో అది చరిత్ర అయిపోతుంది. చీటీలు తెరిచినప్పుడు అందరూ ఒకేలా రాసిన అక్షరాన్ని వదిలేయండి, ఎక్కడ ఎక్కువ తేడా వచ్చిందో అక్కడ్నుంచి మాట్లాడండి.

"నువ్వు పి ఎందుకు వేశావ్ బావా?"

"కామెడీ కదా, స్పాట్‌లో పుట్టాలి కదా."

"ఏ కుప్పలోంచి తీశావ్?"

"...మొదటిదే."

"అయితే కొట్టేయ్."

ఈ ప్రశ్న ఒక్కటి అలవాటు చేసుకుంటే చాలు, ఏ కుప్పలోంచి తీశావ్ అని.

ఇప్పుడు అక్షరాలు

ఎక్స్‌ట్రావర్టా ఇంట్రోవర్టా అన్న దగ్గరే కొంచెం ఎక్కువసేపు కూర్చోండి, కమెడియన్ల విషయంలో అందరూ పడేది ఇక్కడే. నవ్వించేవాడు కలుపుగోలు మనిషై ఉంటాడని మన నమ్మకం. గిల్ గ్రీన్‌గ్రాస్, జెఫ్రీ మిల్లర్ అనే ఇద్దరు 2009లో ప్రొఫెషనల్ స్టాండప్ కమెడియన్లని కాలేజీ విద్యార్థులతో పోల్చి బిగ్ ఫైవ్ కొలతలు చూశారు. కమెడియన్లు ఎక్స్‌ట్రావర్షన్‌లో తక్కువ వచ్చారు, కొత్త ఆలోచనల వైపు మొగ్గులో ఎక్కువ వచ్చారు. చిన్న స్టడీనే, అమెరికా వాళ్ళ మీద చేసిందే, దీన్ని పట్టుకుని బ్రహ్మానందానికి తీర్పు చెప్పలేం. కానీ "కమెడియన్ కాబట్టి ఎక్స్‌ట్రావర్ట్" అనే మాట మీద మాత్రం దీంతో ధైర్యంగా గీత పెట్టేయొచ్చు.

ఉదాహరణకి రోవన్ అట్కిన్సన్. మిస్టర్ బీన్‌గా ప్రపంచమంతా తెలిసిన ఆయన చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, ఆక్స్‌ఫర్డ్‌లో మాస్టర్స్ కూడా చేశాడు. నత్తి ఉండేదని, పాత్రలోకి వెళ్తే అది తగ్గేదని ఆయనే చెప్పుకున్నాడు. మన ఇంజనీర్లకి ఈ ముక్క చెప్తే ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది, రాజీనామా రాసేస్తారేమో అని భయం కూడా.

మరి బ్రహ్మానందం? ఇంట్రోవర్ట్ వైపు నా దగ్గరున్నది పెన్సిలు, సాహిత్యం, పొడుగు ఇంటర్వ్యూల్లో జోక్ కంటే ఆలోచనకి ఎక్కువ చోటివ్వడం. అవతలి వైపు ఉన్నది లెక్చరర్ ఉద్యోగం, మిమిక్రీ, సభల్లో గంటల తరబడి జనాన్ని కూర్చోబెట్టగలగడం. అవతలి వైపుని తేలిగ్గా తీసేయకండి. పాఠం చెప్పడం ఇష్టమైన ఇంట్రోవర్టులు బోలెడంతమంది ఉంటారు, మీ కాలేజీలోనే క్లాసులో సింహంలా ఉండి స్టాఫ్ రూంలో మూలన పేపర్ చదువుకునే సార్ ఒకాయన ఉండే ఉంటారు, కానీ ఎక్స్‌ట్రావర్టులు కూడా పాఠం చెప్తారు కదా. నేనైతే ఇంట్రోవర్ట్ అని రాసి పక్కన నూటికి అరవై ఐదు వేస్తాను. అంతకన్నా ఎక్కువ వేసినవాణ్ణి నమ్మను.

ఎస్, ఎన్ దగ్గర నిజంగానే తలనొప్పి. నగల మీద ప్రతి పూసనీ గీసే చెయ్యి, మనుషుల నడకని పట్టుకునే కన్ను ఎస్ వైపు లాగుతాయి. ఒక మామూలు ప్రశ్నకి జీవితం, మృత్యువు, పద్యం దాకా వెళ్ళిపోయే మాట ఎన్ వైపు లాగుతుంది. ఇక్కడ ఒక చిట్కా: చేతి పనిని, నోటి మాటని విడదీయండి. బొమ్మలు గీసేవాళ్ళు ఎవరైనా వివరం చూడాల్సిందే, అది పని అడుగుతుంది. మాట ఎటు పోతుందనేది మాత్రం ఎవరూ అడగరు, అది తనంతట తనే పోతుంది. ఆ లెక్కన నేను ఎన్ వేస్తాను, యాభై ఐదు. మా రూంలో ఒక అక్క మాత్రం తెలుగు ఎంఏ చదివినవాళ్ళంతా అలాగే మాట్లాడతారు, అది చదువు, స్వభావం కాదు అంది. ఆవిడ మాటలో పాయింట్ ఉంది కాబట్టే యాభై ఐదు, లేకపోతే డెబ్బై వేసేవాణ్ణి.

టి, ఎఫ్ దగ్గర నేను చూసేది ఒకటే, పాత విషయం చెప్పేటప్పుడు కథ ఎవరి చుట్టూ తిరుగుతోంది. పని ఎలా జరిగింది, ఎందుకు అలా చేశారు అని తిరిగితే టి. ఫలానా ఆయన నన్ను ఆదుకున్నాడు, ఫలానావారి రుణం తీర్చుకోలేను అని తిరిగితే ఎఫ్. ఆయన కబుర్లలో మనుషులు, కృతజ్ఞత ఎక్కువ. ఎఫ్, అరవై. తెలుగు సభల్లో మైకు పట్టుకున్న ప్రతివాడూ కృతజ్ఞతలే చెప్తాడు కాబట్టి సభల్ని లెక్కలోంచి తీసేసి ఇంటర్వ్యూలే చూడండి.

జె, పి వదిలేయండి. ఆయన షెడ్యూల్ ఎలా నడుస్తుందో మనకి కనిపించదు. అన్ని సినిమాలు చేశాడంటే క్రమశిక్షణ అనొచ్చు, పిలిచినవాళ్ళందరికీ సరే అన్నాడు అని కూడా అనొచ్చు, కాల్‌షీట్లు చూసేది మేనేజర్. రెండు వైపులా సమానంగా కథ అల్లగలిగితే ఆ అక్షరం మనకి తెలియదని అర్థం. గీత పెట్టి వదిలేయడానికి మనవాళ్ళకి అస్సలు మనసొప్పదు, నాలుగో అక్షరం లేకపోతే పులుసులో ఉప్పు తక్కువైనట్టు మొహం పెడతారు. పెట్టనివ్వండి.

ఊరి పేరుతో టైప్ చెప్పొద్దు

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే బెంగళూరులో మూడు జిల్లాల వాళ్ళు ఒకచోట చేరితే ఇది రాకుండా ఉండదు. "అది గోదావరి వెటకారం రా, ఆ మట్టిలోనే ఉంటుంది" అని ఒకడు మొదలుపెడతాడు. ఆయన ఉద్యోగం చేసింది పశ్చిమ గోదావరిలో, నిజమే. పుట్టింది మాత్రం 1956లో, అప్పటి గుంటూరు జిల్లా సత్తెనపల్లి వైపు. ఈ ముక్క చెప్పగానే అదే మనిషి ఏమాత్రం తడుముకోకుండా "అదీ, పల్నాడు పౌరుషం, కళ్ళల్లో కనిపిస్తోంది చూడు" అంటాడు. ఏ ఊరు చెప్పినా సరిపోయే వివరణ వివరణ కాదు.

మీ జవాబుని మీరే కొట్టి చూడండి

రాసింది అయిపోయాక రెండు పరీక్షలు పెట్టండి. మొదటిది బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు 1948లో క్లాసులో చేసిన చిలిపి పనిని బట్టి పుట్టింది. ఆయన 39 మంది విద్యార్థులకి టెస్ట్ పెట్టి, తర్వాత ఒక్కొక్కరికీ "ఇదీ నీ స్వభావం" అని కాగితం ఇచ్చి ఐదుకి మార్కులేయమన్నాడు. సగటున 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులో చాలా వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. మన టైప్ వర్ణనలు చాలావరకు ఇలాంటివే, "పైకి నవ్వుతాడు గానీ లోపల లోతైన మనిషి" అంటే ఎవరికి సరిపోదు చెప్పండి? కాబట్టి మీరు తేల్చిన అక్షరాల్ని నాలుగు వాక్యాల వర్ణనగా రాసి, పేరు తీసేసి, చర్చలో లేని ఒకరికి పంపండి. ఏ కమెడియనో చెప్పమనండి. బ్రహ్మానందం, సునీల్, ఆలీ, వెన్నెల కిశోర్ అందరికీ సరిపోతోందని జవాబొస్తే చింపేసి మళ్ళీ రాయండి.

రెండోది ఇంకా కష్టం. మీ టైపుకి పూర్తి వ్యతిరేకమైనది తీసుకుని, మీరే లాయర్‌గా పది నిమిషాలు వాదించండి. నేను ఐఎన్ఎఫ్ అని రాశాను కాబట్టి ఈఎస్‌టి తరఫున వాదించాలి. మనుషుల్ని గమనించడం, ఏళ్ళ తరబడి జనం మధ్యే బతుకు, అంత పోటీలో అన్నేళ్ళు నిలబడాలంటే ఉండాల్సిన లెక్క. వాదిస్తుంటే నాకే కొంచెం నమ్మకం కలుగుతోంది, చూశారా. అలా కలిగినంత మేర మీ నంబర్లు తగ్గించండి.

దాటకూడని గీత

టైప్ దాకా సరదా. అక్కడ్నుంచి "ఇతనికి డిప్రెషన్ ఉంది", "ఇతను బైపోలర్" అనే దాకా వెళ్ళొద్దు. నవ్వించేవాళ్ళంతా లోపల ఏడుస్తుంటారనే డైలాగ్ వినడానికి బాగుంటుంది, కానీ ఫలానా బతికున్న మనిషి మీద వేస్తే అది గెస్ కాదు, నింద. 1964లో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో నిలబడ్డ బ్యారీ గోల్డ్‌వాటర్ మానసిక స్థితి మీద ఒక పత్రిక సైకియాట్రిస్టుల అభిప్రాయాలు అడిగి అచ్చేసింది. ఆయన కోర్టుకెళ్ళి గెలిచాడు. ఆ తర్వాత 1973లో అక్కడి సైకియాట్రిస్టుల సంఘం, స్వయంగా పరీక్షించని పబ్లిక్ మనుషుల గురించి అలా చెప్పకూడదని రూల్ పెట్టుకుంది. డాక్టర్లకే వద్దన్న పని లంచ్ టేబుల్ దగ్గర మనకెందుకు.

ఇంకొందరి మీద ప్రాక్టీస్

చెన్నైలో చదివి ఇక్కడికొచ్చిన ఫ్రెండ్ ఉంటే వివేక్ మీద చేయించండి. బ్రహ్మానందంతో పాటు అదే 2009లో పద్మశ్రీ అందుకున్న తమిళ కమెడియన్, 2021లో పోయారు. మూడో కుప్ప ఆయనకి చాలా గట్టిగా ఉంటుంది: సినిమాలకి ముందు సెక్రటేరియట్ ఉద్యోగం, తర్వాత అబ్దుల్ కలాం చెప్పారని గ్రీన్ కలాం పేరుతో కోటి మొక్కల లక్ష్యం పెట్టుకుని ఏళ్ళపాటు ఊరూరా నాటించడం. జె, పి దగ్గర బ్రహ్మానందానికి చేతులెత్తేసిన మీరు ఇక్కడ ఏదో ఒకటి చెప్పగలుగుతారు.

కోరమంగళ, ఇందిరానగర్ వైపు స్టాండప్ షోలకి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. స్టేజ్ మీద "నేను", "మా నాన్న", "మా ఆవిడ" అని చెప్తున్నాడు కాబట్టి అది నిజం అనుకోకండి, ఆ "నేను" కూడా రాసుకున్న పాత్రే. నేరుగా మొదటి కుప్పలో వేయండి. షో అయ్యాక బయట నిలబడి ఫొటోలు దిగే పది నిమిషాలు మాత్రం రెండో కుప్పకి వస్తాయి.

ఇక ఇన్నాళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాం కాబట్టి కన్నడ కొలీగ్‌ని కూర్చోబెట్టి సాధు కోకిల మీద చేయండి. మనకి ఆయన కామెడీ క్లిప్పులే తెలుసు, మహా అయితే పేరు. ఆయన మ్యూజిక్ డైరెక్టర్ కూడా, సినిమాలు డైరెక్ట్ కూడా చేశాడు. మీరు క్లిప్పులు చూసి ముందు చీటీ రాయండి, తర్వాత ఆ కొలీగ్‌ని మూడో గడి నింపమనండి, నింపాక రెండో చీటీ రాయండి. రెండు చీటీల్లో ఎన్ని అక్షరాలు మారాయో చూసుకుని, అప్పుడు బ్రహ్మానందం కాగితం తీసి మీ నంబర్లు ఉంచాలో తగ్గించాలో తేల్చుకోండి. కాగితం మీద తేదీ వేయడం మర్చిపోవద్దు, ఆయన ఇంటర్వ్యూలు ఇంకా వస్తూనే ఉంటాయి.